గుండు కింది మన్ను

సాగర్ రోడ్డు మీద రోజుకో వెంచరు బోర్డు లేస్తున్న కాలం. మా చేను పక్క గుట్టను పాలివాళ్ళు ప్లాట్ల కోసం అమ్మేశారు. గుట్ట మీద పెద్ద రాతి గుండు, దాని కింద నలుగురు కూర్చునేంత గుహ. అమ్మ ఏటా మైసమ్మకు బోనం వండేది అందులోనే. గుండును పేల్చేస్తారని తెలిసినప్పటి నుంచి ఆమెకు అన్నం సహించలేదు.

నేనప్పుడు ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. చరిత్ర చెప్పే మేడంతో ఈ సంగతి అన్నాను. ఆమె దేవత గురించి అడగలేదు. "లోపల మన్ను ఎంత మందం ఉంది?" అంది. ఎందుకని అడిగాను. దుమ్ము, బూడిద, ఎముక ముక్కలు, మాడిన గింజలు పొరలు పొరలుగా పేరుకుంటాయట. ఏ పొరలో ఏముందో చూస్తే, ఇనుమంటే తెలియని మనుషులు అక్కడ ఏం వండుకు తిన్నారో చెప్పొచ్చట. అలాంటి ఆనవాళ్ళు దొరికితే గుండును కొట్టొద్దని అధికారులను అడుగుదామంది, ఆదివారం వచ్చి చూస్తానంది. మనం ఊడ్చి పారబోసే దాంట్లో అంత కథ ఉంటుందా? నమ్మాలో వద్దో తెలియలేదు. ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఆమె చెవికెక్కింది మేడం వస్తుందన్న ఒక్క మాటే.

ఆదివారం మేం వెళ్లేసరికి గుహ అద్దంలా ఉంది. అమ్మ అడుగు రాయి తేలేదాకా మన్నంతా పారతో తవ్వి బయట పోసింది. కొత్త ఎర్రమన్ను పరిచి, పేడతో అలికి, ముగ్గేసింది.

మేడం బయటే నిలబడిపోయింది. "ఇక్కడి మన్నేదమ్మా?"

"మస్తు ఖరాబుండె బిడ్డా. నువ్వొస్తుంటే గట్లనే ఎట్లుంచుత?" అంది అమ్మ, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

మేడం కుప్ప దగ్గర కూర్చుని గుప్పెడు మన్ను తీసి చూసింది. బూడిద ఉంది, ఎముక తునక ఉంది. "ఇది వేల ఏళ్ల నాటి బూడిద కావచ్చు, పోయినేటి బోనందీ కావచ్చు. పొరలు కలిసిపోయాయి. ఇక ఏదీ చెప్పలేను," అంది.

అమ్మ నా మొహం చూసింది. నాకు నవ్వాలో కోప్పడాలో అర్థం కాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

"గట్లయితే గుండును పేల్చేస్తరా?" అని అడిగింది అమ్మ. మేడం గుప్పెట్లోని మన్నును మళ్ళీ కుప్ప మీద వదిలేసింది.

అమ్మ కొంగు నడుముకు చుట్టి తట్ట అందుకుంది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. మన్ను ఏడికీ పోలే, ఈడనే ఉంది. మల్ల లోపల పోస్త, జర ఆగి సూడు," అంటూ, తన ముగ్గును తానే తొక్కుకుంటూ వెళ్లి మొదటి తట్ట గుమ్మరించింది.