రంగప్ప గోడలో పోసిన గార

రాళ్ళు మోసిన బరువు పొద్దుగూకితే దిగిపోతాది. ఈ మాట బరువు ఇన్నేండ్లయినా దిగలే. నా పెండ్లానికి కూడా చెప్పలే. నీకు చెప్తాండా, ఇను.

మాది పెనుకొండ, గోడలు కట్టే బేల్దారి పని. రంగప్ప మా చిన్నాయన కొడుకు. వానికి తాపీ పట్టుకునేది నేర్పింది నేనే. పంతొమ్మిది వందల అరవైల్లో వాడు ధర్మవరంలో ఒక నేతాయనకు ఇల్లు కట్టేదానికి ఒప్పుకున్నాడు. ఆయన పాత ఇంట్లో వానకు గోడలు చెమ్మెక్కి, మగ్గం మీది పట్టు పడుగు పాడైపోతాండె. ఎండాకాలమైతే లోపల కూచోలేని ఉక్క. రంగప్ప ఒక ఉపాయం చేసినాడు. బయట రాతిగోడ, లోపల ఇటుకగోడ, నడుమ జానెడు సందు. తడీ ఎండా ఆ సందు దాటి లోపలికి రావంట. కట్టేటప్పుడు గార ఆ సందులో పడకుండా ఒక చెక్క పలకను తాళ్ళతో దించి, వరస లేచేకొద్దీ పైకి లాగుతాండె. గార పడి రెండు గోడలూ కలిస్తే, తడి దానెంబడే లోపలికొస్తాదని వాని భయం.

మా నాయన వచ్చి చూసినాడు. పెద్ద మేస్త్రి ఆయన, ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. "ఇన్నేండ్లు కట్టినా మాకు తోచలే కదప్పా ఇది" అని వాని వీపు తట్టినాడు. నా వీపు ఎప్పుడన్నా తట్టినాడా? లే. నేను నేర్పినోడు నన్ను దాటిపోతాండాడు, మా నాయన నవ్వుతా చూస్తాండాడు, నేనేమో పక్కన నిలబడి ఇటుకలు అందిస్తాండా, ఇది ఓర్చుకునే గుండె నాకు దేవుడియ్యలే.

మధ్యాన్నం అందరూ సంగటికి కూచున్నారు. నేను పలక పైకి లాగి, పడమటి గోడ సందులో గంపలకొద్దీ గార పోసినా. అది కనపడకుండా పలక మళ్ళా దించి, పోయి సంగటి తిన్నా. ఆకలి సచ్చిందా? లే. బాగానే అయ్యింది.

ఆ ఏడు వానకు పడమటి గోడ లోపల తడి మరక లేచింది. పడుగంతా బూజు పట్టింది. నేతాయన ఊరంతా చెప్పుకున్నాడు. రంగప్ప నా దగ్గరికే వచ్చినాడు.

"అన్నా, యాడ తప్పు చేసినానో తెలీకుండా ఉండాది. ఆడ నాలుగు ఇటుకలు ఊడబెరికి చూద్దామా?"

"ఉండే పరువు కూడా పోగొట్టుకుంటావా? గోడంటే ఒకటే ఉండల్ల రా. సందు పెట్టిందే తప్పు."

నమ్మినాడు. అన్న చెప్పినాడు కదా.

వాడు మళ్ళా సొంతంగా గోడ ఎత్తలే. సచ్చేదాకా నా కిందే పని చేసినాడు. హిందూపురానికి పోయినా, యాడికి పోయినా, "మా అన్న ఆపకుంటే ఇంకా ఎందరి ఇండ్లు చెడగొట్టిందునో" అంటాండె. ఆ మాటకు నేను సిగ్గుతో కుంగిపోయినా అనుకుంటావేమో. కాదు. వినేదానికి బాగుండె. గార పోసిన దానికన్నా ఇదే నేను ఎక్కువ దాచుకునింది.

వాడు పోయినాడు, మా నాయనా పోయినాడు. ఉండింటే మాత్రం తప్పయిందని ఒప్పుకుంటాంటినా? ఏమో, తెలీదు. రంగప్ప కట్టింది మంచి గోడ. వాడుండంగా ఈ మాట ఎవరితోనూ అనలే. ఈ పొద్దు నీతో అన్నా.