తెరవని ఫోను

మా ఆవిడ పోయింది. కార్తీకమాసం చివర్లో, విజయనగరం ఆసుపత్రిలో. పొద్దున్న ఉప్మా కలుపుతూ తల పట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి లేదు. ఈ కబురు తెలియాల్సినవాళ్ళలో చాలామంది నంబర్లు ఆమె ఫోనులోనే ఉన్నాయి. ఆ ఫోను తాళం నాకు తెలియదు. ఇంకా కబురు అందనివాళ్ళుంటే ఇది చదివి తెలుసుకుంటారని రాస్తున్నాను.

భోగాపురం దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చేపలపేటలో ఆమె ఆరోగ్య ఉపకేంద్రం నర్సు. పుట్టిల్లు శ్రీకూర్మం వైపు, వరి పండించే ఇల్లు. పేటకి వచ్చిన కొత్తలో ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకునేది. తర్వాత ఎప్పుడూ బదిలీ అడగలేదు. నేను కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆమెకి ఇంకా సర్వీసు ఉంది.

డాక్టరు బయటికొచ్చి చెప్పాక, కబుర్లు పంపే పని ఆమె తమ్ముడు తీసుకున్నాడు. మంచివాడు. ఆమె ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"బావా, ఇది తెరుసుకోనేదు. నంబర్లన్నీ ఇందులోనే ఉండిపోనాయి."

"తాళం నాకు తెలీదురా."

"ఏలు పెడితే తెరుసుకుంతాది కదా బావా. ఇప్పుడైతే అవుతాది. తరవాత మరి అవ్వదు."

అతను చెడ్డ మాటేమీ అనలేదు. ఆమె కుడిచెయ్యి దుప్పటి బయటే ఉంది. దానివైపు చూశాను.

"వద్దు" అన్నాను.

"అదేటి బావా?"

"మీ అక్కకి ఇష్టముండదు."

అంతకంటే వివరం అప్పుడు చెప్పలేకపోయాను.

పేటలో చాలా ఇళ్ళకి ఒకటే ఫోను. మగవాడు ఒడ్డున ఉంటే అతని జేబులో, వేటకి వెళ్తే ఆడవాళ్ళ బొడ్లో. కొన్నేళ్ళ క్రితం ఒక కోడలు, కడుపు నిలవలేదని ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, మా ఆవిడకి మెసేజీ పెట్టింది. మా ఆవిడ జవాబు పంపేసరికి ఫోను మరిది చేతిలో ఉంది. చేపల వేలం ముగిసేలోపు ఒడ్డంతా తెలిసిపోయింది. ఆ పిల్లని పుట్టింటికి పంపేశారు. మా ఆవిడ వెళ్ళి అత్తగారితో మాట్లాడాక తిరిగి తెచ్చుకున్నారు. కానీ ఆ పిల్ల మళ్ళీ ఉపకేంద్రం మెట్లెక్కలేదు. దారిలో ఎదురైతే తల దించుకుని వెళ్ళిపోయేది.

అప్పటినుంచి మా ఆవిడ ఫోన్ల సంగతులన్నీ అడగడం మొదలుపెట్టింది. మా అమ్మాయిది విశాఖలో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగం. ఇంటికొస్తే పక్కన కూర్చోబెట్టుకునేది. రాసింది మధ్యలో ఎవరైనా చదవగలరా? ఫోను పోతే ఏమవుతుంది? కంపెనీవాళ్ళకి ఏం కనిపిస్తుంది? అమ్మాయి వెతికి వేరే యాప్ పెట్టింది. అందులో పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప, నడిపే కంపెనీ కూడా చదవడానికి వీల్లేదు. చదివిన మెసేజీ ఒక రోజుకి దానంతటదే చెరిగిపోతుంది. ఫోను ఇంట్లో అందరిదైనా, ఆ యాప్‌కి విడిగా తాళం వేసుకోవచ్చు.

ఇంకోసారి అమ్మాయి కొత్తరకం సోషల్ మీడియా గురించి చెప్పింది. మొత్తానికి ఒకే యజమాని అంటూ ఉండడట. చిన్న చిన్న సర్వర్లు, ఎవరిది వాళ్ళు నడుపుకుంటూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట. మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది.

"ఒక్కడి సేతిలో ఉండదంతావు. బాగుంది. మరా సిన్న సర్వరు తాళాలు ఎవడికాడ ఉంతాయి?"

"దాన్ని నడిపేవాళ్ళ దగ్గరమ్మా."

"అయితే ముందు ఆడెవడో సూడాల."

మా అమ్మాయి ఆఫీసులో ఈ మాట చెప్పి నవ్వించిందట. తర్వాత అదే ప్రశ్న వాళ్ళ మీటింగులో నిజంగానే అడిగిందట.

ఒక టీకాల రోజున మా ఆవిడ పేట ఆడవాళ్ళందరి చేతా యాప్‌కి తాళాలు పెట్టించింది. మరుసటి టీకాల రోజు నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. వరండాలో ఫోన్లన్నీ వరసగా పెట్టించి, ఎవరినీ ఏమీ అడక్కుండా, ఒక్కొక్క తాళమూ తీసేస్తోంది. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అందరూ పెట్టుకున్నది తమ పడవ నంబరే.

"ఏటే నూకాలూ, పడవ మీద జానెడేసి అంకెలు రాసుకున్నారు. ఆ దూరంగా పోయే ఓడకి కూడా కనిపిస్తాది. అదా తాళం?"

"మరిసిపోకుంట ఉంతాదని పెట్టినాను, నర్సమ్మా."

"నువ్వూ మరిసిపోవు, ఊరూ మరిసిపోదు. మార్సు."

నూకాలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలు అమ్మే మనిషి. గొంతు పెద్దది. వేరే నంబరు పెట్టుకుని, మా ఆవిడ చెవిలో నోరు పెట్టి గర్వంగా చెప్పింది. గేటు దగ్గరున్న నాకూ వినిపించింది.

"నాకెందుకు సెప్పినావే! మళ్ళీ మార్సు. నాకూ సెప్పకు."

ఈ "నాకూ సెప్పకు" ఆమె నోట తరచూ వినేవాణ్ణి.

ఇంట్లోనూ అంతే. అన్నం తింటుండగా ఫోను వెలిగేది. చూసి, చెయ్యి కడుక్కుని, జవాబు రాసి మళ్ళీ కూర్చునేది. ఎవరని అడిగితే పేషెంటు అనేది. ఒకరోజు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు కాపురం చేశాం, నా దగ్గర కూడా దాపరికమా అన్నాను.

"మీరు ఎవరికీ సెప్పరు. నాకు తెల్దేటి? కానీ రేపు ఆ పిల్ల మొగుడు రోడ్డు మీద మీకు దండం పెడతాడు. అప్పుడు మీ మొకం ఊరుకోదండీ. మీ మొకానికి తాళం నేదు" అని, మజ్జిగ పోసింది. నేను ఇంకెప్పుడూ అడగలేదు.

పై ఆఫీసు నుంచి ఫోటోలు పెట్టమని అడిగేవారు. గర్భిణులకి పరీక్షలు చేసినట్టు, టీకాలు వేసినట్టు. ఆమె పంపేది. చేతులు, పాదాలు, వీపు మీద జడ. మొహం ఒక్కటీ ఉండేది కాదు. పై అధికారి ఒకాయన ఫోన్ చేసి, మొహాలు లేకపోతే మనుషులని నమ్మేదెలా అన్నాడు. "మీరొచ్చి సూసుకోండి సార్, టీ ఇస్తాను" అంది. ఆయన రాలేదు.

పెద్దకర్మ అయింది. ఆమె ఫోనుకి నేను ఛార్జింగు పెడుతూనే ఉన్నాను. మెసేజీ వచ్చినప్పుడల్లా వెలుగుతుంది. ఎవరు పంపారో, ఏమి రాశారో పైకి చూపదు. ఆమె అలా పెట్టుకుంది. చనిపోయిందని తెలియనివాళ్ళు కొందరు ఇంకా రాస్తున్నారన్నమాట.

అందులో ఆమె గొంతు కూడా ఉంది. పోయిన వేసవిలో అమ్మాయి తల్లిచేత చిన్ననాటి కబుర్లు చెప్పించి రికార్డు చేసింది. చేతికి దొరికిన ఫోను తల్లిదే. పేషెంట్ల కాగితాలున్న ఫోను కాబట్టి, అందులోది ఏదీ బయట కంపెనీ దగ్గర దాచడానికి ఆమె ఒప్పుకునేది కాదు. అందుచేత ఇంకెక్కడా కాపీ లేదు.

"విజయనగరంలో ఒక షాపుంది నాన్నా. తెరిచి చూస్తామంటున్నారు" అంది అమ్మాయి.

నాకూ ఆ గొంతు కావాలి. సరే వెళ్దామన్నాను. చెప్పులు వేసుకుంటుంటే నూకాలమ్మ వచ్చింది, వెనక మరో ముగ్గురు ఆడవాళ్ళతో. గేటు లోపలికి వచ్చి నిలబడ్డారు.

"మేస్టారూ, నర్సమ్మ ఫోను తెరిసినారేటి?"

"లేదు."

"తెరుస్తారేటి?"

నేను అమ్మాయి కోసం లోపలికి చూశాను.

"నా సంగతి ఒగ్గీయండి, ముసల్దాన్ని. కుర్రకోడళ్ళకి ముద్ద దిగడం నేదు. ఎవలి రిపోర్టులు అందులో ఉన్నాయో, నర్సమ్మ సదవని మాటలు ఎవలివి ఉన్నాయో."

అమ్మాయి బయటికి వచ్చింది. "మీవి నేను చూడను అత్తా. అమ్మ గొంతు ఒక్కటీ తీసుకుంటాను."

"నువ్వు సూడవు తల్లీ. నీ మీద అనుమానం నేదు. ఆ షాపోడు సూడడా?"

అమ్మాయికి జవాబు తెలుసు. తన ఉద్యోగమే అది. తలుపు పట్టుకుని నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పు నాన్నా."

"అది మీ అమ్మ ఒక్కదాని ఫోను కాదమ్మా" అన్నాను.

తాళం తెలియకపోయినా ఫోనుని మొత్తం తుడిచేయవచ్చట. అమ్మాయి వాళ్ళని వరండాలో కూర్చోమంది. వాళ్ళ ఎదుటే, రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుంది. చిన్న అక్షరాలు వచ్చాయి. ఏదో ఎంచుకుంది. ఏదో గుండ్రంగా తిరిగింది. మేమందరం దానివైపే చూశాం. అది అయిపోయాక, ఏమీ లేని తెల్లటి తెర వచ్చింది.

అమ్మాయి ఏడుపు ఆపుకుంటోంది. నూకాలమ్మ లేచింది.

"ఒలమ్మీ, ఇటు సూడు. మా ఆయన, అంత మనిషి, ఇంజిచ్చను అంటే పారిపోయీవోడు. మీ యమ్మ ఒడ్డుదాకా ఎనకాల ఎల్లి ఏటన్నాదో తెలుసా?"

నడుం మీద చెయ్యి పెట్టింది. మెడ కొంచెం పక్కకి వంచింది. గొంతు తగ్గించింది. మా ఆవిడ అలాగే నిలబడేది.

"ఒరే, సముద్రానికి నేని బయిం సూదికేటిరా? సెయ్యి సాపు!"

మిగతా ముగ్గురూ పైటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోసారి అను అత్తా" అంది.

నూకాలమ్మ మళ్ళీ అంది. ఈసారి, నవ్వుతూనే, ఆ ముగ్గురూ చేతులు ముందుకు చాపారు.