ఫకీరమ్మ అంటే నేనే

ధర్మవరంలో మేముండే వీధి మలుపులో ఒక కిరాణా కొట్టు ఉంది. శుక్రవారం సాయంత్రాలు కొట్టాయన నిప్పుల మీద ఊదు వేసి, ఆ పొగను బియ్యం మూటల మీదుగా, గల్లాపెట్టె మీదుగా తిప్పి వాకిట్లో పెడతాడు. మగ్గాల చప్పుళ్ల మధ్య నుంచి ఆ వాసన మా ఇంటిదాకా వస్తుంది. అది సోకినప్పుడల్లా నాకు నేను పుట్టిపెరిగిన పెనుకొండ గుర్తొస్తుంది, పెనుకొండతోపాటు మా అవ్వ, అవ్వతోపాటు నా పేరు.

నాకు ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. నేను కడుపులో ఉన్నప్పుడు మా నాయన తల్లి, అంటే మా అవ్వ, పెనుకొండ దర్గాకు పోయి, ఈ బిడ్డ దక్కితే అక్కడి ఫకీరుస్వామి పేరే పెట్టుకుంటామని మొక్కుకుంది. అలా నేను ఫకీరమ్మనయ్యాను. మేము సేద్యం చేసుకునే హిందువులం. మా దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే దర్గా నుంచి తెచ్చిన నెమలీక ఉండేది. అందులో వింతేముందో మాకు తెలియదు. మా వీధిలోనే అలా మొక్కుతో పేరు పడిన మస్తానప్పలూ ఫకీరప్పలూ ఉండేవారు.

వానలు వెనకబట్టాక కొండ దిగి గంపల్లో వచ్చే సీతాఫలాలతో వీధంతా తియ్యటి వాసన కమ్ముకోవడం, చలికాలంలో నానబెట్టిన అనపగింజల చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని, తొక్కలోంచి పప్పు పితుకుతూ, జారి ఎగిరిన పప్పు ఎవరి ఒళ్లో పడిందో చూసి నవ్వుకోవడం, మరునాడు ఆ పితికిపప్పు పులుసులో వేడి సంగటి ముద్ద అద్దుకుని తినడం, గంధం పండుగకు అవ్వ కొంగు పట్టుకుని, బొరుగుల అంగళ్లూ గాజుల అంగళ్లూ దాటి, జనం కాళ్ల మధ్య నుంచి దూరుకుంటూ దర్గా మెట్లదాకా పోవడం, ఇదే నా లోకం. ఆ లోకంలో నా పేరు గురించి ఆలోచించాల్సిన పని నాకు ఎప్పుడూ పడలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు వానలు మొహం చాటేశాయి. సేద్యం చేతికి రాక, మా నాయన హిందూపురంలో ఒక చింతపండు మండీలో పనికి కుదిరి, మమ్మల్నందరినీ అక్కడికే తీసుకుపోయాడు. పులుపూ బెల్లం వాసనా కలిసిన గాలి, సగం తెలుగూ సగం కన్నడమూ మాట్లాడే మనుషులు. కొత్త బడిలో మొదటి రోజే టీచరమ్మ పేరడిగింది. చెప్పాను. తరగతంతా నవ్వింది.

విరామంలో ఆడపిల్లలు నా చుట్టూ చేరారు. మీరు సాయిబులా అని ఒక పిల్ల అడిగింది. కాదన్నాను.

"మరి బొట్టు పెట్టుకోనుండావు, పేరు అట్లెందుకుండాది?"

పుట్టినప్పటి నుంచీ వింటున్న నా పేరును ఆ రోజు మొదటిసారి ఇతరుల చెవులతో విన్నాను. ఆ తర్వాత పేరు పిలిస్తే పలకడం మానేశాను. పొద్దున బడి వేళకు కడుపునొప్పి అనేదాన్ని.

టీచరమ్మ మంచిది. ఒక సాయంత్రం మా ఇంటికే వచ్చి, పిల్ల ముడుచుకుపోతోందని, కావాలంటే ప్రమీల అని పిలుద్దామని మా నాయనకు చెప్పింది. నాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆమె పోయాక అవ్వ మాత్రం ఊరుకోలేదు.

"అది మనం పెట్టిన పేరు కాదురా. దాని పానం నిలిపిన స్వామిది. అడక్కండా మార్చేకి లేదు."

"బడిలో ఏడుస్తాండేది అది కదమ్మా, నువ్వు కాదు కదా" అన్నాడు నాయన.

ఇద్దరూ నా కోసమే మాట్లాడుతున్నారు. ఎవరి పక్క నిలబడాలో నాకు తెలియలేదు.

బడిలో ప్రమీలనయ్యాను. ప్రమీల చెయ్యెత్తి జవాబులు చెప్పేది, కన్నడం నేర్చుకుంది, కుంటాటలో ఎవరికీ లొంగేది కాదు. ఇంటికొస్తే ఫకీరమ్మ, అవ్వ పక్కన తప్ప పడుకోలేని పిల్ల. ఎవరైనా ప్రమీలా అని పిలిస్తే మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగేదాన్ని. ఈ ఇద్దరిలో నేనెవరో నాకే అర్థమయ్యేది కాదు.

అంతలో నాకు జ్వరం పట్టుకుంది. అది పేరు మార్చినందుకేనని అవ్వ హడలిపోయింది. నేను కాస్త కోలుకోగానే బస్సెక్కించి పెనుకొండకు తీసుకుపోయింది. దర్గాలో ఊదు వేసే ముసలాయనను ఊరంతా సాయబు తాత అనేవారు. అవ్వ ఆయన ముందు కూర్చుని, జరిగిందంతా చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆయన అంతా విని, అవ్వకు జవాబు చెప్పకుండా నావైపు తిరిగాడు.

"నీకు ఏ పేరు బాగుండాది పాపా?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"తెల్దు తాతా."

"తెల్దంటే తప్పేం లేదు. తెలిసేదాకా రెండూ నీవే. తెలిసినాక నువ్వే చెప్పల్ల. మీ అవ్వ కాదు, మీ నాయన కాదు." తర్వాత అవ్వతో అన్నాడు, "ఇచ్చిన పానం వెనక్కి తీసుకునేకి స్వామి ఏమన్నా యాపారం చేస్తాండాడా తల్లీ?"

అవ్వ ఏడుస్తూనే నవ్వింది. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను కిటికీ పక్కన కూర్చుని, రెండు పేర్లనూ మార్చి మార్చి లోలోపల పిలుచుకుంటూ వచ్చాను.

పదో తరగతిలో, సర్టిఫికెట్‌లో ఏ పేరు రాయాలని బడిలో అడిగారు. ఎవరినీ అడగకుండా ఫకీరమ్మ అన్నాను. అది మొక్కు కోసం కాదు, అవ్వ కోసమూ కాదు. ప్రమీలగా నేర్చుకున్న ధైర్యం నాకు మిగిలే ఉంది. ఎవరు నవ్వినా తల దించుకోకుండా ఆ పేరు చెప్పగలిగాక, దాన్ని వదులుకోవాలనిపించలేదు. ఇంటికొచ్చి చెబితే అవ్వ చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "నీ ఇష్టమే కదా" అంది. ఆ పూట నా కంచంలో నెయ్యి మాత్రం ఎక్కువ పడింది.

నేను పెళ్లయి ధర్మవరం వచ్చాక ఏళ్లు గడిచాయి. ఇప్పుడు అవ్వ లేదు, సాయబు తాత లేడు. పెనుకొండలో మా వీధి మస్తానప్పల మనవళ్లకు అలాంటి పేర్లు లేవు. మీరు ముస్లిములా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. అప్పటి పిల్లలు నవ్వుతూ అడిగేవారు. ఇప్పటివాళ్లు గొంతు తగ్గించి అడుగుతున్నారు.

మొన్నామధ్య కంటి ఆసుపత్రిలో నర్సు ఫకీరమ్మా అని పిలిచింది. బెంచీ మీదున్నవాళ్లంతా బురఖా వేసుకున్న ఒకావిడ వైపు చూశారు. లేచింది నేను. పరీక్ష చేయించుకుని తిరిగొచ్చేసరికి, ఆ బురఖా ఆవిడ తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుని నాకు చోటిచ్చింది.

"మా మేనత్త పేరు ఫకీర్‌బీ అక్కా. ఇప్పుడు మా ఇండ్లల్లో గూడా ఎవురూ పెట్టేది లేదు" అంది.

మా ఇళ్లలోనూ అంతేనన్నాను. కాసేపటికి ఆమె వంతు వచ్చింది. లేస్తూ, "వస్తా ఫకీరమ్మక్కా" అంది. ఇంట్లో నేను అమ్మనూ అవ్వనూ అయిపోయి చాలా ఏళ్లయింది. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఆమె లోపలికి పోయాక, నాకు ఇంక అక్కడ పనేమీ లేకపోయినా, ఆమె బయటికొచ్చేదాకా కూర్చున్నాను.