కంప్యూటరు మీద ఎర్ర కప్పు

లొరెట్టా స్టాంపర్ రాత్రంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను ఎత్తి, దించి, పొద్దున్నే ఆ యూనిఫారంతోనే కాలేజీ లెక్కల ల్యాబుకు వస్తుంది. కూర్చోగానే బూట్ల లేసులు వదులు చేసుకుంటుంది. ఈ బీజగణితం గట్టెక్కితేనే నర్సింగులో సీటు. పాఠం చెప్పే మనిషి ఉండరు. లెక్కలిచ్చేదీ దిద్దేదీ కంప్యూటరే, ఎవరి వేగం వారిది. పాఠం వచ్చిన కొద్దీ తెర మీది గుండ్రటి బొమ్మలో రంగు నిండుతుంది. ఉన్నట్టుండి కంప్యూటరే పరీక్ష పెట్టి, తడబడితే ఆ రంగును చెరిపేస్తుంది కూడా. సాయం కావలసినవాళ్లు ఎర్ర ప్లాస్టిక్ కప్పును కంప్యూటరు మీద బోర్లించాలి. లొరెట్టా ఎన్నడూ బోర్లించలేదు. "ఆ కప్పు మనవరాలి పెళ్లికి దాస్తున్నావా ఏంటి?" అంటాడు పక్క సీటు వెల్డరు డ్వేన్. ఆమె కింది పెదవి కొరుక్కుంటూ భిన్నాలు చేసుకుపోతుంది.

నిన్న పరీక్ష వచ్చింది. ఇన్నాళ్లూ నింపుకున్న రంగు సగానికి సగం పోయింది. ఈ వారంతో టర్ము సరి. ఆమె కప్పు తీసి బోర్లించింది. ల్యాబులో సాయం చేసే ఈనిడ్ వచ్చి వంగింది.

"ఏ లెక్కమ్మా?"

"లెక్క కాదండీ."

"మరి?"

"మా ఆశ్రమంలో ఒక ముసలావిడ అస్తమానం గంట నొక్కుతుంది. వెళ్తే ఏమీ అక్కర్లేదంటుంది. రోజూ కసురుకునేదాన్ని. ఎందుకు నొక్కుతుందో ఇప్పుడు తెలిసింది" అని లొరెట్టా కప్పు దించేసింది.