మూడు మూరల రీలు

1945, ఎండలు ఇంకా ముదరని రోజులు. చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఒక సినిమా హాల్లో నేను ఆపరేటర్‌ని. అంటే పైన కేబిన్‌లో ఉండి తెర మీద బొమ్మ వేసేవాణ్ణి. చదువు రెండో తరగతితోనే ఆగింది గానీ, ఏ సినిమాలో ఎన్నో రీలు మీద గీత పడిందో ఇప్పుడడిగినా చెప్తాను.

ఆ వారం యుద్ధం సినిమా వచ్చింది. కొంత నటులు ఆడినది, కొంత బర్మా అడవుల్లో నిజంగా తీసినది; రెండూ కలిపి అతికించారు. తేడా నాకు ఇట్టే తెలిసిపోయేది. ఆడిన చోట హీరో బురదలో దొర్లినా జుట్టు చెదరదు. నిజం చోట బొమ్మ వణుకుతుంది, మసకేస్తుంది. మొదటి ఆటకు బాంబుల చప్పుడు విని బెంచీ తరగతి వాళ్లు తలలు దాచుకున్నారు.

నాలుగో రీల్లో సిపాయిలు ఏరు దాటుతారు. వాళ్లలో ఒకడు ఆగి, వంగి, నీళ్లను చేత్తో తాకి కళ్లకద్దుకుని, అప్పుడు కాలు పెట్టాడు. తల ఇటు తిప్పాడు. మల్లేశ్! హుస్సేనీ ఆలం బస్తీలో పాలమ్మే ఎల్లమ్మ కొడుకు. ఫౌజులో చేరకముందు మా హాలు చాయ్ దుకాణానికి పాలు పోసినవాడు. దసరా నుంచి వాడి ఉత్తరం లేదని ఆ తల్లి కనిపించిన ప్రతి మనిషినీ అడుగుతోంది.

అలా చూస్తుండగానే ఏటి నడుమ వాడు వెనక్కి విరుచుకుపడ్డాడు. చెయ్యి ఒకసారి పైకి లేచింది. ఆ తర్వాత నీళ్లే. అది నటులు ఆడిన ముక్క కాదు.

ఇంతలో రజియాబీ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆడవాళ్లు కూర్చునే జనానాకు అడ్డంగా పర్దా ఉండేది. దీపాలు ఆర్పాక దాన్ని పక్కకు లాగడం ఆమె పని. మల్లేశ్ ముఖం కనబడగానే తెరకు వీపు తిప్పి పరుగెత్తిందట. మిగతాది చూడలేదు.

"భాయ్! మన మల్లేశ్! జిందా హై, బతికే ఉన్నడు! రేపు మ్యాట్నీకి ఎల్లమ్మను తోలుకొస్తా!"

ఆగమని తలుపు దాకా వెళ్లాను. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున కేబిన్ తలుపు వేసుకుని నాలుగో రీలు విప్పాను. తెగిన రీలును కత్తిరించి, సిమెంట్ అనే ఘాటు వాసన మందుతో అతికించడాన్ని స్ప్లైసింగ్ అంటారు. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం తెగని చోట కత్తెర పెట్టాను. వాడు పడిపోయిన ముక్క మూడు మూరలుంది. తీసేసి అతికిస్తే, ఏట్లో నడుస్తున్న మల్లేశ్ తర్వాత వెంటనే సిపాయిలు ఒడ్డెక్కుతున్న బొమ్మ వస్తుంది. వాళ్ల వీపులే కనిపిస్తాయి. తల్లి కళ్లకు ఏ వీపైనా కొడుకుదే.

మ్యాట్నీలో జనానాలోంచి ఎల్లమ్మ గొంతు కేబిన్ దాకా వినిపించింది. "ఆపు బిడ్డా! జరసేపు ఆపు, సూడనియ్యి!"

ఆపలేను. రీలు ఆగితే కార్బన్ దీపం వేడికి ఆ చోటే భగ్గుమంటుంది.

ఆట అయ్యాక ఎల్లమ్మ తన కోడలు, మల్లేశ్ పెళ్లాం లక్ష్మిని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. "ఒడ్డెక్కిండు రా! నా కండ్లతోని సూసిన!" అంటూ నా తల నిమిరింది. నేను తల వంచుకున్నాను.

రెండు నెలలకు ఫౌజు నుంచి కాయిదం వచ్చింది. ఏరు దాటుతుండగా మల్లేశ్ చనిపోయాడని ఉంది. చదివి చెప్పిన వాడి మీద ఎల్లమ్మ విరుచుకుపడింది. "ఝూట్! ఎవడో రాసిన కాయిదం నమ్మాల్నా, నా కండ్లను నమ్మాల్నా?" దినాలు చేద్దామన్న చుట్టాలతో లొల్లి పెట్టుకుంది. "బతికున్నోనికి పిండం పెడ్తరా?" అని వాళ్లను గడప బయటే నిలబెట్టింది. లక్ష్మి మాత్రం ఏడవాలో, ఎదురుచూడాలో తెలియక రాయిలా తిరిగేది.

ఇంకో నాలుగు నెలలు ఓర్చుకున్నాను. ఒక పొద్దున ఆ ముక్క దాచిన డబ్బా పట్టుకుని వాళ్లింటికి పోయాను. ఎల్లమ్మ బర్రె కింద కూర్చుని పాలు పిండుతోంది.

"అమ్మా, ఆ సినిమాల ఒక తునక నేను కోసిన."

ఆమె రీలును వెలుతురుకు పట్టి చూసింది. "ఏం కనవడ్తలేదు. నల్ల చీమలున్నయ్."

లక్ష్మి వచ్చి అందుకుంది. ఎండకెత్తి ఒక్కో బొమ్మా వేళ్ల మధ్యనుంచి జరుపుతూ చివరిదాకా చూసింది.

"ఆయనే, అత్తమ్మా. నీళ్లల్ల వడ్డడు."

ఎల్లమ్మ నా వైపు తిరిగింది. "ఎందుకు కోసినవ్ రా?"

"నువ్వు సూస్తే తట్టుకోవని."

తిడుతుందనుకున్నాను. పాల చెంబు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "నా కొడుకును గిన్ని రోజులు గా ఒడ్డు మీదనే నిలవెడ్తివి గద బిడ్డా. కాళ్లు గుంజలేదా వానికి? ఇగ కూసోనియ్యి."

దినాలు మూసీ ఒడ్డున చేశారు. శవం దొరకలేదు కదా, ఆ మూడు మూరలే నీళ్లలో వదిలారు. దిగే ముందు ఎల్లమ్మ వంగి, నీళ్లను తాకి కళ్లకద్దుకుంది. కొడుకుకు నేర్పింది ఆమే.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు కేబిన్‌లోనే ఉన్నాను. తెగిన చోట తప్ప రీలు మీద కత్తెర పెట్టలేదు. ఒకరి దుఃఖాన్ని వాళ్లకు చెప్పకుండా దాచే హక్కు నాకెవరూ ఇవ్వలేదని ఆ తల్లి దగ్గర నేర్చుకున్నాను.