పంతొమ్మిదో పేజీ

కళ్ళజోళ్ళ కొట్టు పైన రెండు గదుల్లో ఆమె ఇరవై రెండేళ్ళుగా మనుషుల గోడు వింటోంది. మానసిక నిపుణురాలు, మందులు రాయదు. "నేను డాక్టర్ని కాదండీ" అని మొదట్లో వచ్చినవాళ్ళందరికీ చెప్పి చూసింది. ఎవరూ చెవిన పెట్టలేదు. పుస్తకాలు రాయడం మొదలుపెట్టాక 'చిన్న పుస్తకాల డాక్టరమ్మ' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ పుస్తకాలు పుట్టింది గొంతునొప్పి వల్ల. నిద్ర పట్టనివాళ్ళకు చెప్పిన సంగతే రోజుకు నాలుగుసార్లు చెప్పలేక, ఒక కాగితం మీద రాసి జిరాక్సు తీయించి పంచేది. ఆ కాగితం చేతులు మారి మారి ఒక ప్రచురణకర్తకు చేరింది. ఆయనకూ నిద్ర పట్టని జబ్బే. అది చదివి నాలుగు వారాలు పాటించి, కంటినిండా నిద్రపోయి, మెట్లెక్కి వచ్చాడు.

"దీన్ని పుస్తకం వేద్దామమ్మా. చొక్కా జేబులో పట్టాలి. నలభై ఎనిమిది పేజీలు. అంతకు ఒక్క పేజీ ఎక్కువైనా మనవాళ్ళు చదవరు."

ఏడేళ్ళలో తొమ్మిది పుస్తకాలు వచ్చాయి. భయం, దిగులు, పరీక్షల కంగారు, కోపం. బొమ్మలు వేసేది ఆమె భర్త, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. "ఆ నలభై ఎనిమిది పేజీల రూలేదో ఇంట్లో మాటలకి కూడా పెట్టుకోకూడదుటోయ్" అని ఆటపట్టించేవాడు. ఆమె నవ్వేది గానీ, పొట్టిగా రాయడమంటే ఆమెకు లోలోపల గర్వమే. మూడు వాక్యాలను ఒకటి చేసిన రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేది.

ఆరో పుస్తకం ఆలుమగల తగాదాల గురించి. అన్నిటికంటే అదే ఎక్కువ అమ్ముడుపోయింది. బస్టాండు కొట్లలో కూడా వేలాడదీసి అమ్మారు.

ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, ముప్పై నాలుగేళ్ళు. మెత్తటి కుర్చీ చూపిస్తే వద్దని, తలుపు పక్కనున్న చెక్క కుర్చీ అంచున కూర్చుంది. సంచీలోంచి ఆ ఆరో పుస్తకమే తీసి బల్ల మీద పెట్టింది. పంతొమ్మిదో పేజీలో మూడు వాక్యాల కింద స్కేలు పెట్టి ఎర్ర గీతలు గీసి ఉన్నాయి.

'గొడవను సగంలో వదిలేసి లేచి వెళ్ళకండి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చోండి. తేలేదాకా ఎవరూ గది దాటవద్దు.'

"ఇది మీరే రాశారా మేడమ్?"

"నేనే. ఏమైందమ్మా?"

"మా ఆయన గీశారు ఈ గీతలు. చెయ్యి చేసుకోరు. గొంతు కూడా పెంచరు. గడియ పెట్టి, తలుపుకి కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మాట్లాడతారు. మూడు గంటలు, నాలుగు గంటలు. మంచినీళ్ళకి లేస్తే ఈ పేజీ తీసి చూపిస్తారు. బాత్రూముకి లేచినా ఇదే. నాది తప్పే అని ఒప్పుకుంటే తేలినట్టు. అప్పుడు గడియ తీస్తారు." పుస్తకం మూసేసి, "ఏది తప్పో నాకే గుర్తుండదు మేడమ్. ఒప్పేసుకుంటా" అంది.

డాక్టరమ్మ ఆ గంటంతా పుస్తకం సంగతి పక్కన పెట్టి, ఆమె అక్క ఇల్లు ఎంత దూరం, ముఖ్యమైన కాగితాలు ఎక్కడున్నాయి, డ్యూటీ ఎన్నింటికి దిగుతుంది, అలాంటివే అడిగింది. ఆమె వెళ్ళేటప్పుడు పుస్తకం తిరిగి సంచీలో వేసుకుంది. "ఇది కనబడకపోతే వెతుకుతారు" అంది.

ఇంటికెళ్ళగానే డాక్టరమ్మ అటక మీది అట్టపెట్టె దింపించి, రాతప్రతి బయటికి తీసింది. పంతొమ్మిదో పేజీలో ఆ మూడు వాక్యాల తర్వాత ఇంకో రెండుండేవి. 'ఇది ఒకరంటే ఒకరికి భయం లేని ఇద్దరికి మాత్రమే. భయం ఉన్న ఇంట్లో తలుపు ఎప్పుడూ తీసే ఉండాలి.' వాటి మీద అడ్డంగా నల్లసిరా గీత. ప్రచురణకర్త కొట్టింది కాదు, ఆమె చేతి గీతే. ప్రూఫు నలభై తొమ్మిదో పేజీలోకి పొర్లితే, ఇది అందరికీ తెలిసిందే కదా అని తనే కొట్టేసింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. ఈసారి హాస్యమాడలేదు.

మర్నాడు ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళి, ఎవరన్నది చెప్పకుండా జరిగింది చెప్పింది. గోడౌనులో కట్టలు కట్టలుగా కొత్త ముద్రణ పేర్చి ఉంది.

"ఇవి ఆపెయ్యాలండీ. ఆ పేజీ మార్చాలి."

"అమ్మా, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎలా? కట్టలు సగం ఊళ్ళకి వెళ్ళిపోయాయి. వచ్చే ముద్రణలో చూద్దాం. ఎవరో ఒకడు కత్తిపీటతో వేలు కోసుకుంటే కత్తిపీటలు అమ్మడం మానేస్తామా?"

"వేలు కోసుకోవడం కాదండీ ఇది. భార్య పీక మీద పెట్టాడు."

ఆయన తల గోక్కున్నాడు. ఒప్పందం ప్రకారం ముద్రణ ఆపే హక్కు ఆమెకు లేదు. ఆ కాగితం మీద సంతకం చేసేటప్పుడు ఆ ముక్క చదివినట్టే ఆమెకు గుర్తులేదు. చివరికి, గోడౌనులో ఉన్నవాటికి, కొట్టేసిన ఆ రెండు వాక్యాల చీటీలు అంటించుకుంటానంటే అడ్డుచెప్పనన్నాడు. బయటికి పోయినవాటి గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

తర్వాతి వారం ఆ రక్తపరీక్షలామె ఒక్కతే రాలేదు. వెనకాలే భర్త వచ్చాడు. భూములు కొలిచే సర్వేయరు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతులు జోడించిన తీరులో బోలెడు మర్యాద. సంచీలో చీటీ చూసి అపాయింట్‌మెంటు సంగతి కనిపెట్టాడట.

"మీ పుస్తకం మా కాపురాన్ని నిలబెట్టిందండీ" అంటూ తనే తలుపు మూసి, చెక్క కుర్చీ లాగి దానికి ఆనించి కూర్చున్నాడు.

మాట్లాడటం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒకే స్వరంతో. ఆమె మతిమరుపు, వాళ్ళ అక్క చెప్పుడు మాటలు, తన ఓర్పు. డాక్టరమ్మ నోరు తెరిచినప్పుడల్లా, "ఒక్క నిమిషం మేడమ్, పూర్తి చెయ్యనివ్వండి" అనేవాడు. కాదనడానికి ఒక్క దురుసు మాట దొరకలేదు. గోడ గడియారంలో గంట దాటింది. బయట వేచి ఉన్నవాళ్ళ దగ్గు వినబడుతోంది. వాళ్ళు పదడుగుల దూరంలోనే ఉన్నారు. అయినా డాక్టరమ్మ చూపు తలుపు మీదికే పోతోంది. సరే, మీరు చెప్పిందే నిజం అనేస్తే ఈయన లేస్తాడు కదా అన్న ఆలోచన తనకే వచ్చింది. అది వచ్చినందుకు భయమేసింది. పక్కనున్న భార్య నేలవైపు చూస్తూ, చేతిరుమాలు అంచు మడతపెడుతూ విప్పుతూ ఉంది.

డాక్టరమ్మ లేచి నిలబడింది.

"కుర్చీ జరపండి. నేను బయటికి వెళ్ళాలి."

"ఇంకా తేలలేదు కదా మేడమ్. పంతొమ్మిదో పేజీలో..."

"ఆ పేజీ తప్పు. రాసింది నేనే, తప్పని చెబుతున్నదీ నేనే. జరపండి."

అతను చిరునవ్వు చెదరకుండా కాసేపు కూర్చునే ఉన్నాడు. ఆమె బయట కూర్చునే ఆయాను గట్టిగా కేకేసింది. అప్పుడు జరిగాడు. తలుపు బార్లా తెరుచుకుంది. డాక్టరమ్మ భార్యవైపు చూసి, "మీకు వెళ్ళాలనుంటే వెళ్ళొచ్చమ్మా. ఇక్కడ ఉండాలనున్నా ఉండొచ్చు" అంది.

ఆమె తెరిచిన తలుపును చూసింది, భర్తను చూసింది. లేచి, అతని వెనకే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నెల్లాళ్ళు ఏ కబురూ లేదు. అతని ఎదుటే 'వెళ్ళొచ్చు' అని తను నోరు జారడం వల్ల ఆ ఇంట్లో ఎన్ని గంటలు పెరిగాయోనని డాక్టరమ్మ కుమిలిపోయింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అతనికి తెలుస్తుందేమో, చెయ్యకపోతే ఆమె ఒంటరిదైపోతుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రాలు మాస్టారూ తనూ గోడౌనులో ముక్కాలిపీటలు వేసుకుని, పంతొమ్మిదో పేజీల మీద చీటీలు అంటించేవాళ్ళు. బస్టాండు కొట్టతను మాత్రం ఒప్పుకోలేదు. "అంటించిన పుస్తకం పాతదనుకుంటారమ్మా, కొనరు" అన్నాడు. అక్కడున్న కాపీలన్నీ ఆమే కొనేసింది. వారం తిరిగేసరికి కొట్టతను, బాగా పోతోంది కదా అని రెండింతలు తెప్పించాడు.

రెండో నెలలో ఆ రక్తపరీక్షలామె ఆసుపత్రి ఫోన్ నుంచి మాట్లాడింది. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా అక్క ఇంటికి వెళ్ళిపోయిందట. పది రోజులుండి, అతను వచ్చి గుమ్మంలో బతిమాలితే తిరిగి వెళ్ళిందట. మళ్ళీ బయటికి వచ్చేసిందట. ఇప్పుడు తోటి నర్సుతో కలిసి ఒక గదిలో ఉంటోంది.

"ఈసారి తిరిగి వెళ్ళనని మాట ఇవ్వలేను మేడమ్."

"మాట ఎవరడిగారమ్మా? ఇవాళ తిన్నావా?"

"తిన్నా. కానీ స్నానానికి వెళ్ళినా తలుపు వేసుకోలేకపోతున్నా. నర్సు నవ్వుతోంది."

"నవ్వనీ. బయట ఆమెను కాపలా ఉండమను."

ఆరో పుస్తకం మరుసటి ముద్రణ యాభై రెండు పేజీలతో వచ్చింది. రేటు మారలేదు గానీ అమ్మకం తగ్గిందని ప్రచురణకర్త సణిగాడు. పదో పుస్తకం ఎప్పుడిస్తారని ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. ఆమె రాస్తూనే ఉంది. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఎవరి చేతిలో పడుతుందోనని ఆలోచించేసరికి పొద్దు గడిచిపోతోంది. ఇంతలో ఎవరో మెట్లెక్కి వచ్చి, ఎర్రగీతలు గీసిన పాత కాపీ చూపించి, "ఇది మా ఇంట్లో బాగా పనిచేసిందండీ డాక్టరమ్మా" అంటారు. ఆమె వాళ్ళను కూర్చోబెట్టి, "ఎవరికి?" అని అడుగుతుంది.