జిరాక్స్ షాపు శోభక్క

మా బాపు బీరప్పకు గొర్లు తప్ప మరో లోకం తెలియదు. అలాంటి మనిషికి నిరుడు పన్ను నోటీసు వచ్చింది. ఆయన పేరు మీద ఇనుప తుక్కు కంపెనీ ఉందట, నలభై లక్షల పన్ను ఎగ్గొట్టాడట! నవ్వాలో ఏడవాలో నాకు అర్థం కాలేదు.

మర్నాడే ఎవడో ఫోన్ చేశాడు. పన్ను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, రేపటికల్లా లక్షన్నర పంపితే కేసు మూసేస్తానని, లేకపోతే అరెస్టేనని బెదిరించాడు. బాపు నమ్మేశాడు. నేను ఎంత మొత్తుకున్నా వినకుండా, మందలో సగం, ఇరవై గొర్లను ట్రాలీ ఆటో ఎక్కించి కల్వకుర్తిలో అమ్మడానికి బయలుదేరాడు. ఆ గొర్లే మా తిండి, మా చెల్లెలి చదువు.

నేనూ వెంట వెళ్లాను. దారిలో నోటీసు జిరాక్స్ తీయిద్దామని బస్టాండు వెనక శోభక్క షాపు దగ్గర ఆగాం. ఒక మిషన్, ఒక కంప్యూటర్, ఒక స్టూలు. పన్నెండేళ్లుగా వాటి మీదే ఇద్దరు పిల్లలను సాకుతోంది. కాగితం నలిపి తెచ్చినా తిట్టే రకం.

ఆమె నోటీసు చదివి, దాని మీది నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూసింది.

"కాయితం అసలుదే పెద్దయ్యా. ఫోన్ జేసినోడే దొంగ. ఆఫీసోళ్లు గట్ల ఫోన్‌ల పైసలడుగరు. ముందుగాల గొర్లను ఇంటికి మర్లగొట్టు."

"కట్టకుంటే పట్కపోతరంట బిడ్డా," అన్నాడు బాపు.

"ఎవడు పట్కపోతడో నేను జూస్త. నీ పాన్ కార్డు జిరాక్స్ ఎవనికన్న ఇచ్చినవా?"

బాపుకు అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద గొర్ల లోన్ ఇప్పిస్తానని ఒకడు ఊరికి వచ్చి, అందరి ఆధార్, పాన్ జిరాక్సుల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఫోన్లకొచ్చిన ఓటీపీలు కూడా చెప్పించుకున్నాడు. లోన్ రాలేదు. తలా ఒక స్టీలు టిఫిన్ డబ్బా మాత్రం వచ్చింది.

శోభక్క తన మిషన్ వైపు చూసింది.

"గవి నా మిషన్ మీదనే తీసిన పెద్దయ్యా. ఒక్కనాడే ఇరవై మంది వచ్చిండ్రు. గిరాకీ మంచిగున్నదని సంబురపడ్డ గని, ఎందుకని ఒక్కల్ని అడుగలే. గిందుల నా తప్పు గూడ ఉన్నది."

అప్పటికప్పుడు గొర్ల ఆటోను వెనక్కి పంపించి, షట్టర్ దించేసింది. సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేసింది, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చింది, పన్ను ఆఫీసుకు మాతో నాలుగుసార్లు తిరిగింది. మిగతా పందొమ్మిది మంది ఇళ్లకూ వెళ్లి ఆరా తీస్తే, ఆ జిరాక్సులతోనే ఇంకో ఆరుగురి పేర్ల మీద పెట్టిన దొంగ కంపెనీలు బయటపడ్డాయి. ఇప్పుడామె ఎవరి కార్డు జిరాక్స్ తీసినా, ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో తేదీతో సహా దాని మీద అడ్డంగా రాయించందే చేతికివ్వదు. "గొర్లకు రంగేసి ఇడుస్తవు గద, కాయితానికి గుర్తు వద్దా?" అని బాపును కూడా కడిగేసింది. ఆమె ఆపకపోతే మా సగం మంద ఆ దొంగల పాలయ్యేది. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మూడు నెలలకు దొంగ కంపెనీని రద్దు చేసినట్టు ఉత్తరం వచ్చింది. బాపు ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని షాపుకు వెళ్లాడు. శోభక్క ముట్టుకోలేదు.

"నా తప్పు నేను దిద్దుకున్న పెద్దయ్యా. గిదంత ఎందుకు?"

బాపు గొర్రెపిల్లను ఆమె స్టూలు పక్కన దించాడు.

"నా కాయితం ఎంతమంది చేతులకెల్లి పోయిందో బిడ్డా. తన తప్పు గూడ ఉన్నదని ఒప్పుకున్నది నువ్వొక్కదానివే."